వెలుగు దొంగ

పోయిన వారం మనం కొరీన్ ఆష్‌బీని నిండు సెట్టు మధ్యలో, అందరి నోళ్ళలో పడేసి వచ్చేశాం. వారం పాటు ఆమెను అలా నిలబెట్టినందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళు ఉంటారు. తిట్టుకోండి, తప్పులేదు. మొదటిసారి చదివేవాళ్ళ కోసం మాత్రం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు వెళతాను.

కొరీన్‌కు చూపు పోతోంది. ఆ సంగతి మనకు తెలుసు, ఆమెకు తెలుసు, పసడీనాలో మారుపేరుతో వెళ్ళి చూపించుకున్న ఒక ముసలి డాక్టరుకు తెలుసు. ఇంకెవరికీ తెలియదని ఆమె నమ్మకం. మూగ సినిమాల రోజుల్లో ముసుగు లేని ఆర్క్ దీపాల ఎదుట పొద్దస్తమానం నిలబడ్డ కళ్ళు అవి. ఇప్పుడు యుద్ధం ముగిసి, లోకమంతా మళ్ళీ దీపాలు వేసుకుంటున్న వేళ ఆ కళ్ళకు మనుషుల అంచులు కరిగిపోయాయి. వెలుగు తెలుస్తుంది. వెలుగులో కదిలే రంగులు తెలుస్తాయి. మిగతాదంతా పాలలో ముంచి తీసినట్టు ఉంటుంది.

మరి కెమెరా ముందు ఎలా నెట్టుకొస్తోంది అంటారా? నటి నడిచి వచ్చి తన చోట ఆగాలి. ఆ చోటు తెలియడానికి నేల మీద సుద్దతో గుర్తు పెడతారు. కొత్తవాళ్ళు గుర్తు కోసం కిందికి చూసి దొరికిపోతారు. కొరీన్ ఏనాడూ కిందికి చూడలేదు. తన దీపం వేడి ఎడమ చెంపకు తగలగానే ఆగుతుంది. అదే ఆమె గుర్తు. పోయిన వారం కథలో, ఆ మధ్యాహ్నం, పత్రికల వాళ్ళంతా వచ్చి కూర్చుని చూస్తుండగా, ఆమె గుమ్మంలోంచి నడిచి వచ్చి, చెంపకు వేడి తగిలిన చోట హాయిగా ఆగింది. ఆగింది తన దీపంలో కాదు, కొత్త నటి నెల్డా ట్రాస్క్ దీపంలో. ఆ పిల్లకు అది తొలి పెద్ద సీను. పాపం ఆమె చీకట్లో నిలబడి డైలాగు చెప్పింది.

ఆ సినిమా ఊళ్ళో హత్య చేసినవాడికైనా లాయరు దొరుకుతాడు గానీ, లైటు కొట్టేసినవాడికి కాఫీ కూడా దొరకదు. డైరెక్టరు విట్‌లాక్ 'కట్' అని అరిచి, కొరీన్‌ను పక్కకు పిలిచి ఒక్కటే మాట అన్నాడు. అందరి ముందూ నెల్డాకు క్షమాపణ చెబితే సరి. లేకపోతే సినిమా ముగింపు సీను కొరీన్‌ది కాదు. అద్దాల హాల్లో మెట్లు దిగి వచ్చేది నెల్డా అవుతుంది.

దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. కొరీన్ గతి అదే, కాకపోతే ఆమె దొంగ కాదు. తప్పు చేయలేదని చెప్పాలంటే కళ్ళ సంగతి చెప్పాలి. కళ్ళ సంగతి చెబితే ఇక చెప్పుకోవడానికి ఏ సినిమా ఉండదు.

* * *

మేకప్ గదిలో అద్దం చుట్టూ బల్బులు వెలుగుతున్నాయి. కొరీన్ అద్దానికి వీపు పెట్టి కూర్చుంది. ఎదురుగా కూర్చుంటే ఆ బల్బులన్నీ కలిసిపోయి ఒకే తెల్లటి చెరువు అవుతాయి. అందులోకి చూస్తూ ఉంటే నిద్ర వచ్చినట్టుంటుంది. ఇప్పుడు నిద్రపోవడానికి వీల్లేదు.

బట్టలు సర్దే మిసెస్ డూలన్ మడత మీద మడత వేస్తూ గొణుగుతోంది.

"నువ్వు నొచ్చుకోకు తల్లీ. కొట్టేశావు, అయిందేదో అయింది. దానికింత గోలా? ఇది నీ ఇల్లు. నీ ఇంట్లో దీపం ఏ గదిలో పెట్టుకుంటావో నీ ఇష్టం. నిన్నగాక మొన్న ఓక్లహోమా నుంచి మట్టికాళ్ళతో దిగింది ఆ పిల్ల. దానికి నేర్పింది చాలదూ!"

"మిసెస్ డూలన్, నేను కొట్టెయ్యలేదు."

"అలాగే తల్లీ. ఎవరడిగినా నేనూ అదే చెప్తా."

ఆ మాటకు కొరీన్‌కు ఏడుపు వచ్చింది. తిట్టినవాళ్ళ కంటే, నమ్మకుండానే వెనకేసుకొచ్చేవాళ్ళు ఎక్కువ బాధ పెడతారు. ఇన్నేళ్ళూ తన గౌన్ల హుక్కులు పెట్టిన మనిషి కూడా తనను ఇంతే అనుకుంటోంది.

తలుపు ఎవరూ తట్టలేదు. తోసుకునే వచ్చారు. చవక సబ్బు వాసన, కోపంగా పీల్చే ఊపిరి. నెల్డా అని కొరీన్‌కు తెలిసిపోయింది.

"ఈవిడని బయటికి పంపిస్తారా? లేకపోతే ఈవిడ ముందే అనమంటారా?"

"మిసెస్ డూలన్, కాస్త కాఫీ తెస్తావా?"

"కాఫీనా? ఈ పిల్లతో నిన్నొక్కదాన్నీ వదిలేసా?"

"రెండు కప్పులు."

డూలన్ చెప్పులు విసురుగా చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయాయి. నెల్డా తలుపు వేసింది. నటి గొంతు వదిలేసి సొంత గొంతుతో మొదలుపెట్టింది.

"మా ఊళ్ళో దుమ్ము తుపాన్లు వచ్చినప్పుడు మేడమ్, రొట్టెలో దుమ్ము, పక్కలో దుమ్ము, పిల్లల చెవుల్లో దుమ్ము. మా అమ్మ ఏదీ తుడిచేది కాదు, విసుగొచ్చి. ఒక్కటి మాత్రం రోజూ తుడిచేది. పొయ్యి మీద గోడకి మీ బొమ్మ అంటించుకుంది, అది. 'ఆవిడ మొహం చూడవే, కడిగిన ముత్యంలా ఉంది' అనేది. మీరిట్లాంటి పని చేస్తారని తెలిస్తే అదే పొయ్యిలో పెట్టేది."

"నేను కావాలని చెయ్యలేదు నెల్డా."

"మరి మీ కాళ్ళు వాటంతటవే వచ్చాయా? ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నారు. మీ దీపమేదో, నా దీపమేదో తెలీదా? చిన్నపిల్లకైనా తెలుస్తుంది. మీరడిగితే ఆ సీనే వదిలేసేదాన్ని. అడగొచ్చుగా! అట్లా దొంగతనంగా, అందరూ చూస్తుంటే..."

కొరీన్ ఏమీ అనలేదు. ఆ మౌనం నెల్డాకు పొగరులా కనిపించింది. దగ్గరికి వచ్చి చెయ్యి ఎత్తింది. కొట్టే చెయ్యే. చెంపకు జానెడు దూరంలో, తల్లి గుర్తొచ్చో ఏమో, ఆగిపోయింది.

కొరీన్ రెప్ప వేయలేదు.

మొదట అది కూడా పొగరే అనుకుంది నెల్డా. తర్వాత ఆమెకు అనుమానం వచ్చింది. కొట్టబోయే చేతి ముందు రెప్ప వేయకుండా ఉండటం ఎంత పొగరుబోతుకూ సాధ్యం కాదు. ఎత్తిన చేతిని నెమ్మదిగా పక్కకు జరిపింది. ఆ కళ్ళు చేతి వెంట రాలేదు. సబ్బు వాసన దగ్గరైనందుకు కొరీన్ తల కొంచెం పైకెత్తి, ఆమె భుజం పక్కనున్న గోడకేసి మర్యాదగా చూస్తూ ఉంది.

"మేడమ్..." నెల్డా గొంతు మారిపోయింది. "నేనిప్పుడు ఏ బట్టల్లో ఉన్నాను?"

సెట్టు మీద నెల్డాది నీలం గౌను అని కొరీన్‌కు తెలుసు. డూలన్ చెప్పింది. అదే చెబుదామనుకుంది. కానీ అడిగిన తీరులోనే తెలిసింది, ఇది నీలం కాదని. అబద్ధానికి కూడా అలసట వస్తుంది. ఆ అలసట ఒక్కసారిగా వచ్చి మీద పడింది.

"తెలీదమ్మా," అంది.

నెల్డా వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. కొట్టాల్సిన చెయ్యి కొరీన్ మోకాలి మీద పెట్టింది.

"ఎన్నాళ్ళయింది?"

"మెల్లమెల్లగా. సాయంత్రం పడ్డట్టు. ఏ నిమిషం నుంచి చీకటయిందో ఎవరు చెప్పగలరు?"

"మరి సుద్ద గుర్తులు?"

"చూడను. వేడిని బట్టి ఆగుతా."

నెల్డాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చటుక్కున లేచి నిలబడింది.

"ఆగండాగండి. మీకెవరూ చెప్పలేదా అయితే? నా దీపం పొద్దున రిహార్సల్లో పియానో దగ్గరుంది. భోజనం చేసి వచ్చేసరికి మీరు నడిచే దారిలోకి తెచ్చి పెట్టారు. 'నువ్వూ ఇటు జరుగు పిల్లా' అన్నారు నాతో. మీకూ చెప్పే ఉంటారనుకున్నా."

"లేదు."

"చెప్పకుండా దీపం జరుపుతారా ఎవరైనా? ఎవరు జరిపారు?"

కొరీన్‌కు జవాబు తెలుసు. ఆ ఫ్లోరు మీద హర్మన్ రీడ్ల్ ఊ అననిదే దీపం మాట అటుంచి దాని వైరు కూడా కదలదు. కొరీన్ ముఖాన్ని లోకానికి చూపించిన కెమెరామన్ ఆయనే. చెంపతో వెలుగును వెతుక్కోవడం నేర్పిందీ ఆయనే. అప్పటికి ఆమె కొరీన్ కాదు. నెబ్రాస్కా పొలాల నుంచి వచ్చిన థెక్లా వావ్రా, చెక్ దేశం నుంచి వలస వచ్చిన కూలీల పిల్ల. ప్రతి షాటులో కిందికి చూసి తిట్లు తినేది. హర్మన్ పక్కకు పిలిచి, "కళ్ళు మూసుకుని ఎండలో కూర్చుంటే సూర్యుడు ఏ పక్కనున్నాడో తెలీదా నీకు? అంతే. నన్ను చెంపతో వెతుక్కో" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఆమె ఇన్నేళ్ళ జీవితం నడిచింది. ఆ మాట తెలిసినవాడే ఇవాళ సూర్యుణ్ణి జరిపాడు.

"ఇంకో సంగతి కూడా చెప్పాలి," నెల్డా అంది. "దాచుకుంటే నాకు నిద్ర పట్టదు. విట్‌లాక్ గారు ఇందాక నా దగ్గరికొచ్చారు. మీరు క్షమాపణ చెప్పకపోతే మెట్ల సీను నాదన్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. కావాలనే ఉంది మేడమ్. అబద్ధమెందుకు? ఎవరికుండదు? అది దిగితే చాలు, ఇంక జన్మంతా ఎక్కుతూనే ఉండొచ్చు." ఆగి, చిన్నగా అంది. "కానీ మీరు దిగుతానంటే, కింద నుంచి నేను చెప్తా. ఆ సీన్లో మాటల్లేవుగా, సౌండు వాళ్ళకి సెలవే. ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో నా గొంతు పట్టుకుని వచ్చెయ్యండి."

ఆశపడుతున్నానని చెప్పిన నోటితోనే సాయం చేస్తానంటోంది. ఈ ఊళ్ళో ఇంత నిజం ఒకేసారి విని చాలా కాలమైంది. నమ్మాలో వద్దో కొరీన్‌కు తేలలేదు. పిల్ల మంచిదే. మంచిపిల్లలకు కూడా ఆకలి ఉంటుంది. ఒకప్పుడు తనకూ ఉండేది.

"హర్మన్ ఎక్కడున్నాడో అక్కడిదాకా నన్ను తీసుకెళ్ళు," అంది లేస్తూ.

* * *

అద్దాల హాలు సెట్టులో హర్మన్ ఒక్కడే ఉన్నాడు. పిప్పరమెంటు బిళ్ళ వాసన, పాత తోలు కోటు వాసన. నెల్డా ఆమెను కొంత దూరంలో వదిలి వెళ్ళిపోయింది. కొరీన్ మిగతా దూరం ఆ వాసన పట్టుకుని నడిచింది.

"దీపం జరిపింది నువ్వేనా?"

"నేనే." ఆయన గొంతును వియన్నా యాస ఇంకా వదల్లేదు. ఏ మాటైనా కొంచెం బరువుగా పడుతుంది. "కూర్చో థెక్లా."

ఎవరూ లేనప్పుడే ఆ పేరుతో పిలుస్తాడు. ఆమె కూర్చోలేదు.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"నాకు టీ కప్పు ఇస్తూ నా పక్కనున్న గాలికిచ్చావే, ఆ రోజు నుంచి. 'వేళ్ళు జారాయి' అన్నావు. 'పర్లేదులే' అన్నాను. ఇద్దరం కలిసి ఒక అబద్ధం ఆడాం."

"అది... అది ఎప్పుడో జరిగింది హర్మన్. యుద్ధంలో."

"ఊఁ. అప్పట్నించి నీ దారి పొడుగునా దీపాలు వేస్తూనే ఉన్నా. గుమ్మం దగ్గరొకటి నీ మెడకి. బల్ల దగ్గరొకటి నీ చేతికి. ఆగే చోట పెద్దది. కెమెరాకి అవేవీ అక్కర్లేదు. ముసలాడికి చాదస్తం పెరిగింది, కరెంటు తగలేస్తున్నాడని కుర్రాళ్ళు నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకున్నా."

ఈ మధ్య చేసిన సినిమాలన్నీ ఒక్కసారి కళ్ళలో మెదిలాయి, అవి మెదలడానికి చూపుతో పనిలేదు. రైలు స్టేషన్ సీనులో తన అంతట తానే జనం మధ్య నుంచి నడిచివచ్చానని ఎంత గర్వపడింది! కోర్టు సీనులో ఒక్కతే బోను ఎక్కింది. ఒక్కతేనా? మెడ మీద వెచ్చగా, చేతి మీద వెచ్చగా, ఎవరో పక్కన నడుస్తున్నట్టు ఉండేది. అది తన ధైర్యమే అనుకుంది. ఈయన వేలు పట్టుకుని నడిపిస్తున్నాడని తెలియలేదు. ఆమెకు ఆయనను పట్టుకుని ఏడవాలనిపించింది, లాగి ఒకటి ఇవ్వాలనిపించింది.

"మరి ఇవాళెందుకు?"

"ఈ మెట్లు చూశావా..." అని ఆగిపోయాడు. ఆ మాటకు ఆయనే సిగ్గుపడ్డాడు. "రెండంతస్తుల ఎత్తు. మధ్యలో వంపు. ఒక పక్క గోడ, ఇంకో పక్క ఏమీ లేదు, పట్టుకోడానికి కమ్మీ అయినా లేదు. అందంగా ఉండదని విట్‌లాక్ వద్దన్నాడు. చుట్టూ అద్దాలు. ఇక్కడ దగ్గర్లో దీపం పెడితే అద్దంలో పడుతుంది. అన్నీ దూరం నుంచే వెయ్యాలి. నీకు వేడి తగలదు. ఇక్కడ నేనేమీ చెయ్యలేను థెక్లా. మొదటిసారి."

"అందుకని దొంగని చేశావు నన్ను."

"కోపిష్టిదాన్ని చేద్దామనుకున్నా. పోట్లాడి, తలుపు ధడేల్న వేసి వెళ్ళిపోతావనుకున్నా. కోపంతో వెళ్ళిపోయిన నటిని ఏడాది తిరక్కుండా బతిమాలి పిలుస్తారు. కళ్ళు పోయినదాన్ని వీడ్కోలు కేకు కోయించి పంపిస్తారు. మొదటిది నీకిద్దామనుకున్నా."

"నన్నడక్కుండా?"

"అడిగితే వద్దంటావుగా."

"అంటాను. అది అనడానికి నాకు నోరుంది. అదైనా మిగలనిస్తావా? ఇన్ని కథల్లో నన్ను ఎవడో ఒకడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. తలుపు ఎవడో తీశాడు, కారెక్కించాడు, ఎత్తుకెళ్ళాడు. ఈ ఒక్క కథలోనే ఆవిడ ఒక్కతీ దిగొస్తుంది. కింద ఎవరూ ఎదురుచూడరు. ఆ దిగడం కోసమే ఈ సినిమా ఒప్పుకున్నా. నా చూపు ఉండగా నేను చూసుకోబోయే ఆఖరి నడక అది. నువ్వు దాన్నే పట్టుకుపోదామనుకున్నావు. ఇవాళ ఇక్కడ దొంగతనం చేసింది నేను కాదు హర్మన్."

హర్మన్ నోట్లో పిప్పరమెంటు బిళ్ళ కటుక్కున విరిగింది. "పడితే?" అన్నాడు.

"పడితే పడ్డానని రాస్తారు. పంపించేశారని రాయరు."

* * *

అందరినీ అద్దాల హాలులోకే పిలిచారు. పత్రికల వాళ్ళు వెళ్ళలేదు. పెళ్ళివారింట్లో గొడవ జరుగుతుంటే భోజనాలైనా కదలని చుట్టాల్లాగా కూర్చునే ఉన్నారు. విట్‌లాక్ గడియారం చూసుకుంటున్నట్టు గొలుసు చప్పుడైంది.

"మిస్ ఆష్‌బీ, మేం వింటున్నాం."

కొరీన్ సబ్బు వాసన ఎటుందో అటు తిరిగింది.

"మిస్ ట్రాస్క్, ఇవాళ మధ్యాహ్నం నేను నీ వెలుగు కొట్టేశాను. పొరపాటున కాదు. నువ్వు చిన్నదానివి, నేను కాదు, అందుకు. ఇంతమందిలో చేశాను కనుక ఇంతమందిలోనే చెప్తున్నాను. క్షమించు."

ఎక్కడో పెన్సిళ్ళు కదిలాయి. ఎవరో 'అబ్బ!' అన్నారు. డూలన్ ముక్కు చీదింది. చేయని తప్పును ఇంత నిబ్బరంగా నెత్తిన వేసుకున్న నటన ఆమె ఏ సినిమాలోనూ చేయలేదు. దాన్ని నటన అని గుర్తుపట్టింది ఆ హాలులో ఇద్దరే. ఒకడు తల వంచుకున్నాడు. రెండోది గబగబా వచ్చి కొరీన్‌ను కౌగిలించుకుని, చెవిలో "ఇదెందుకు చేశారు, ఎందుకు చేశారు" అంటూ నిజంగానే ఏడ్చింది. పత్రికల వాళ్ళకు అదీ బాగుంది.

"సరే," విట్‌లాక్ చేతులు దులుపుకున్నట్టు అన్నాడు. "ఏడుపులు అయ్యాయిగా. వెలుగుండగానే... అంటే మన వెలుగే అనుకోండి... మెట్ల సీను తీసేద్దాం. హర్మన్, లైట్లు."

"నేను వెయ్యను."

హర్మన్ రీడ్ల్ నోటి నుంచి ఆ మాట ఇదివరకెన్నడూ ఎవరూ వినలేదు.

"అంటే?"

"వెయ్యను అంటే వెయ్యను. ఆ మెట్లకి కమ్మీ పెట్టించు, వేస్తాను."

"నీ అసిస్టెంటు వేస్తాడు. నువ్వు ఇంటికెళ్ళి పడుకో."

హర్మన్ ఇంటికి వెళ్ళలేదు. తాను లేకుండా ఆమెను ఇంకొకరి కెమెరాకు అప్పజెప్పడం ఆయన వల్ల కాదు. ఇష్టం లేకుండానే కెమెరా వెనకకు వెళ్ళి నిలబడ్డాడు. ఈలోగా డూలన్, కొరీన్ గౌను కుచ్చిళ్ళు పట్టుకుని, ఆమెను వెనక చెక్కమెట్ల మీదుగా పైకి చేర్చి, ముద్దు పెట్టి దిగిపోయింది.

దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి.

కొరీన్ ఊహించింది ఇది కాదు. వెలుగు అన్ని వైపుల నుంచీ వచ్చింది. అద్దం అద్దానికి అందించింది, అది ఇంకో అద్దానికి అందించింది. చిన్నప్పుడు నెబ్రాస్కాలో మంచు కురిసి ఆగిన పొద్దున ఇలాగే ఉండేది. నింగీ నేలా కలిసిపోయి, పశువుల కొట్టం ఎటో ఇల్లెటో తెలియక, పాలచెంబు పట్టుకుని ఆ తెలుపు మధ్యలో నిలబడిపోయేది. భయం వేసేది కాదు. తేలుతున్నట్టుండేది. ఇప్పుడూ భయం వేయలేదు. చెంపకు వేడి లేదు, మెడకు లేదు. లోకంలో పక్కలంటూ ఏవీ లేవు.

"కెమెరా!"

మడమతో మెట్టు అంచు తడిమి, గౌను మాటున పాదం జార్చి, మొదటి మెట్టు దిగింది. ముఖం పైకే ఉంది. కింద నుంచి సన్నగా, పెదవి కదలనంత మెల్లగా, నెల్డా గొంతు వచ్చింది.

"అంతే. రండి. ఇంకోటి. బ్రహ్మాండంగా ఉన్నారు. అబద్ధం కాదు, రండి."

కొరీన్ దిగుతోంది. ఒక్కో మెట్టుకూ ఒంట్లోంచి ఏదో బరువు జారిపోతోంది. దొంగ అన్న మాట జారిపోయింది. పసడీనా డాక్టరు మాట జారిపోయింది. ఆ తెలుపులో తన అడుగు తానే వేస్తోంది, మొదటిసారి, ఎవరి దీపమూ లేకుండా. ఎంత సుఖంగా ఉందో ఆమెకే నమ్మకం కలగలేదు. హాలు మొత్తం ఊపిరి బిగబట్టి చూస్తోందని ఆ నిశ్శబ్దమే చెప్పింది.

మడమ కింద మెట్టు ఆకారం మారింది. ఒక చివర వెడల్పు, ఒక చివర సన్నం. వంపు వచ్చింది. ఇక్కడ ఒక పక్కకు తిరిగితే గోడ వెంట మెట్లు ఉంటాయి. రెండో పక్కకు తిరిగితే గాలి ఉంటుంది. ఎటు నుంచి ఎటో ఆమె మరచిపోయింది. ఆ తెలుపు మరపించింది.

"ఇప్పుడు కుడికి తిరగండి," నెల్డా గొంతు వచ్చింది.

అదే క్షణాన కెమెరా వెనక నుంచి హర్మన్ గొంతు చించుకుని అరిచాడు.

"థెక్లా! ఎడమకి!"

అందరి ముందూ ఆ పేరు. ఎవరో ఆ పేరు ఎవరిదని గుసగుసలాడారు. కొరీన్ ఆ మెట్టు మీదే ఆగిపోయింది.

నెల్డా చెప్పిన కుడి ఎవరి కుడి? ఎదురుగా నిలబడ్డ ఆ పిల్ల తన చెయ్యి చూసుకుని చెప్పిందా, కొరీన్ చెయ్యి తలచుకుని చెప్పిందా? లేక, ఆ మెట్లు తనవైతే బాగుండునని ఆశపడ్డ పిల్ల కావాలనే చెప్పిందా?

మరి హర్మన్ చెప్పిన ఎడమ? ఫ్లోరు మీద ఎడమ అంటే కెమెరా ఎడమ. కెమెరాకు ఎదురుగా నిలబడ్డ నటికి అది కుడి. ఇన్నేళ్ళలో ఆయన కొరీన్ ఆష్‌బీకి కెమెరా ఎడమ తప్ప ఇంకో ఎడమ చెప్పలేదు. కానీ ఇప్పుడు ఆయన పిలిచింది కొరీన్‌ను కాదు. నెబ్రాస్కా పిల్లను పిలిచాడు. ఆ పిల్లను పిలిచేటప్పుడు ఆయన కెమెరామన్ కాదు, ఉత్త మనిషి. ఉత్త మనిషి ఎడమ అంటే ఎడమే.

తాను కొరీన్ అయితే కుడికి తిరగాలి. థెక్లా అయితే ఎడమకి.

ఆమె పాదం ఎత్తింది.